కొత్త కెమెరా బాడీ కొనేముందు చెడిపోయిన ఫోటోలు ముందేసుకుని కూర్చోండి

పెళ్ళిళ్ళ సీజన్ దగ్గర పడిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. హాలియా నుంచి ఒకరు, కల్వకుర్తి నుంచి ఒకరు, మల్లేపల్లి నుంచి ఇంకొకరు. అందరూ ఫోటోలు తీసే కుర్రాళ్ళే, అడిగేది ఒకటే: "అన్నా, రెండు లక్షలు జమ చేసిన. ఏ కెమెరా తీసుకోమంటవ్?"

నాది దేవరకొండ. మా బాపు పెట్టిన స్టూడియోనే నేనూ నడుపుతున్నాను. పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, పెళ్ళిళ్ళు, ఒడిబియ్యాలు, పోయినవాళ్ళ పాత ఫోటోలు బాగుచేసి పటం కట్టించి ఇవ్వడం, అన్నీ చేస్తాం. ఫోన్‌లో అడిగినవాళ్ళకు నేను కెమెరా పేరు చెప్పను. "నీకు నచ్చని ఫోటోలు, కస్టమర్ వద్దన్న ఫోటోలు ఒక యాభై పట్టుకుని రా, కూర్చుని చూద్దాం" అంటాను. కొందరు నొచ్చుకుంటారు. అయినా అడుగుతాను. రెండు లక్షలంటే మాటలా? అమ్మ పుస్తెలతాడు కుదువ పెట్టి తెచ్చిన డబ్బు కావచ్చు, రెండేళ్ళ పత్తి పైసలు కావచ్చు. ఆ డబ్బు ఎక్కడ పెట్టాలో చెప్పగలిగేవి మీ చెడిపోయిన ఫోటోలే.

దగ్గరికి రాలేనివాళ్ళు ఇంట్లోనే ఈ పని చేసుకోవచ్చు. ఎలాగో రాస్తున్నాను.

ముందు కుప్పలు పోయండి

యాభై ఫోటోలూ కంప్యూటర్‌లో ఒక్కొక్కటిగా తెరవండి. ఫోటో మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూస్తే షట్టర్ స్పీడ్ (షట్టర్ ఎంతసేపు తెరిచి ఉందో), అపెర్చర్ (లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకుందో), ఐఎస్ఓ (వెలుతురును కెమెరా ఎంత పెంచుకుందో), ఎన్ని ఎంఎం దగ్గర, అంటే ఎంత జూమ్ చేసి తీశారో అన్నీ ఉంటాయి. అవి చూస్తూ ఆరు ఫోల్డర్లు చెయ్యండి. షేక్ అయినవి ఒకటి. ఫోకస్ తప్పినవి ఒకటి. ముఖం డల్ అయినవీ, బర్న్ అయి వెలిసిపోయినవీ ఒకటి. అన్నీ సరిగ్గా ఉన్నా ముఖం మీద వెలుతురు బాగాలేనివి ఒకటి. సమయానికి మీరు సరైన చోట లేక పోగొట్టుకున్నవి ఒకటి. గ్రెయిన్స్, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు వచ్చినవి చివరిది.

నా దగ్గరికి వచ్చిన పిల్లల ఫోల్డర్లలో ప్రతిసారీ పెద్దవి రెండే. వెలుతురు బాగాలేనిది ఒకటి, సరైన చోట లేనిది ఇంకొకటి. ఈ రెండింటినీ బాగుచేసే కెమెరా ఏ దేశంలోనూ తయారు కాలేదు. గ్రెయిన్స్ ఫోల్డర్ చాలామందికి చిన్నగానే ఉంటుంది. కొత్త పరికరం కావాలని నిజంగా అడిగేది అదొక్కటే. అదైనా కొత్త బాడీని (లెన్స్ కాకుండా మిగతా కెమెరాను) అడుగుతోందా, కొత్త లెన్స్‌ను అడుగుతోందా అన్నది చూడాలి. ఆ లెక్క కింద చెప్తాను.

షేక్

ఇది తేలిగ్గా పోయే జబ్బు. డీటెయిల్స్‌లో షట్టర్ స్పీడ్ 1/30, 1/40 అని ఉంటే కెమెరాను ఏమీ అనకండి. చేతిలో పట్టుకుని తీసేటప్పుడు లెన్స్ ఎన్ని ఎంఎం అయితే షట్టర్ కనీసం అంత ఉండాలన్నది (50 ఎంఎం అయితే 1/50) పాత లెక్క. సెన్సర్ (లోపల వెలుతురు పట్టే పలక) చిన్నగా ఉన్న క్రాప్ బాడీ అయితే దాన్ని ఒకటిన్నరతో హెచ్చించాలి. అంటే కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్‌ను 55 దగ్గర పెట్టి తీస్తే 1/80కి తగ్గకూడదు, 1/100 ఉంటే నిశ్చింత. ఇది మన చేతి వణుకు లెక్క మాత్రమే. ఎదుటి మనిషి కదిలితే ఇది చాలదు. నడుచుకుంటూ వచ్చే పెళ్ళికూతురికి 1/250, తలంబ్రాలకు 1/500 కావాలి. లెన్స్ మీద స్టెబిలైజర్ అని రాసి ఉన్నా అది మీ చేతిని ఆపుతుంది గానీ పెళ్ళికొడుకు చేతిని ఆపదు.

మెనూలో ఆటో ఐఎస్ఓకు వెళ్ళి మామూలు ఫోటోలకు మినిమమ్ షట్టర్ స్పీడ్ 1/200 పెట్టండి. ఆ సౌకర్యం లేని బాడీ అయితే షట్టర్ స్పీడ్ మనమే పెట్టే షట్టర్ ప్రయారిటీలో తీయండి. వచ్చే ఫంక్షన్‌కే ఈ ఫోల్డర్ సగం ఖాళీ అవుతుంది. కొంచెం గ్రెయిన్స్ ఎక్కువైనా పర్వాలేదు, గ్రెయిన్స్ ఉన్న ఫోటోను ఆల్బంలో పెట్టొచ్చు. షేక్ అయిన ఫోటోను ఏ సాఫ్ట్‌వేరూ సరిగ్గా నిలబెట్టలేదు.

డల్, బర్న్: గొంగడితో ఒక పాఠం

కెమెరాలోని మీటర్‌కు మనిషి తెలియదు. ఏది ఎదురుగా పెట్టినా దాన్ని మధ్యరకం బూడిద రంగుకు తేవాలని చూస్తుంది. పెళ్ళికొడుకు తెల్లపంచె, తెల్లచొక్కా వేసుకుని ఫ్రేమ్ నిండా ఉంటే "అబ్బో, వెలుతురు ఎక్కువైంది" అనుకుని మొత్తం తగ్గిస్తుంది. పంచె బూడిద రంగుకు దిగుతుంది, చామనఛాయ ముఖం నల్లబడుతుంది. ఇంటికొచ్చి ఫోటోషాప్‌లో ముఖానికి వెలుతురు పెంచితే గ్రెయిన్స్ తేలతాయి. దాన్ని చూసి "నా కెమెరా లో లైట్‌లో పని చెయ్యదు" అనుకుంటారు.

నేను నేర్పించే పద్ధతి ఇది. ఇంట్లో నల్ల గొంగడి ఉంటే తీసుకోండి, పాలమూరు, నల్లగొండ పల్లెల్లో గొల్లకురుమల ఇండ్లల్లో ఇంకా దొరుకుతుంది. ఒక మనిషిని నీడలో కూర్చోబెట్టి, భుజాల నుంచి కిందికి గొంగడి కప్పి, ఆటోలో ఒక ఫోటో తీయండి. మనిషి కదలకుండా, మీరూ కదలకుండా, గొంగడి తీసేసి తెల్ల దుప్పటి కప్పి మళ్ళీ ఒకటి. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి ముఖాలు మాత్రమే చూడండి. అదే మనిషి, అదే వెలుతురు. గొంగడితో తీసినదాంట్లో ముఖం వెలిసిపోయి ఉంటుంది, దుప్పటితో తీసినదాంట్లో నల్లబడి ఉంటుంది. ఇప్పుడు కెమెరాను మాన్యువల్‌లో పెట్టి, ముఖం సరిగ్గా వచ్చేదాకా షట్టర్ సర్ది, రెండిటికీ అదే సెట్టింగ్‌తో తీయండి. ముఖం మారదు. లక్ష పెట్టి కొన్న బాడీతో చేసినా ఆటోలో ఎంతో కొంత తేడా కనిపిస్తుంది.

ఇది అర్థమయ్యాక పెళ్ళిలో చెయ్యాల్సింది సులువే. తెల్లబట్టలు ఎక్కువగా ఉంటే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫోటోలో వెలుతురు పెంచి తగ్గించే సెట్టింగ్) ప్లస్‌లోకి, ముప్పావు నుంచి ఒక స్టాప్ వరకు. ఒక స్టాప్ పెంచడమంటే వెలుతురు రెండింతలు చెయ్యడం. వెనక చీకటి ఎక్కువగా ఉంటే మైనస్‌లోకి.

ఒక మాట మనసులో ఉంది, ఇక్కడే చెప్తాను. ముఖాలు తెల్లగా చెయ్యొద్దు. పొలంలో ఎండకు కమిలిన తండ్రి ముఖాన్ని గోధుమపిండి రంగులోకి మార్చి ఆల్బంలో పెడితే, పదేళ్ళ తర్వాత ఆయన బిడ్డ ఆ ఫోటోలో తన తండ్రిని వెతుక్కోవాల్సి వస్తుంది. ఎక్స్‌పోజర్ సరిగ్గా పడితే ఏ రంగు ముఖమైనా కళగానే ఉంటుంది.

వెలుతురు ఎక్కడినుంచి వస్తోంది

అన్నింటికంటే ఎక్కువ సమయం దీనికి పెట్టండి.

నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. కందూరు చోళుల కాలం నాటి త్రికూటాలయం. మూడు గర్భగుడులు, మధ్యలో మండపం. ఒక గర్భగుడిలో లింగం వెనక స్తంభం నీడ ఒకటి నిలువుగా పడుతుంది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అది జరగదు. బయట సూర్యుడు తూర్పు నుంచి పడమరకు పోతున్నా నీడ అక్కడే ఉంటుంది. భక్తితో చూసేవాళ్ళు భక్తితో చూస్తారు. ఫోటోగ్రాఫర్‌కు అందులో ఇంకో పాఠం కూడా ఉంది. లోపలికి వచ్చేది నేరుగా ఎండ కాదు. బయట పడిన ఎండ రాతి మీద తగిలి, చెదిరి, స్తంభాల సందుల్లోంచి రెండు పక్కల నుంచి లోపలికి వస్తోంది. సూర్యుడు ఎక్కడున్నా ఆ సందులు మాత్రం కదలవు. అందుకే నీడా కదలదు.

ఆ మండపంలో ఒక స్తంభం పక్కన మీ స్నేహితుణ్ణి నిలబెట్టండి. అయ్యగారిని అడిగి, దర్శనానికి వచ్చినవాళ్ళకు అడ్డం రాకుండా చేసుకోండి. అతని ముఖం బయటివైపు తిప్పమనండి. తర్వాత నెమ్మదిగా లోపలికి తిప్పమనండి. మీరు ఫోటో తీయకండి, ఊరికే ముక్కు నీడ చూడండి. మొదట ముక్కు కింద నీడే ఉండదు. కొంచెం తిరిగేసరికి ఒక బుగ్గ మీదికి జారుతుంది. ఇంకా తిరిగితే ముఖం సగం వెలుగు, సగం చీకటి అవుతుంది. వెలుతురుకు దూరం వైపు చెంప మీద ఒక చిన్న వెలుతురు త్రికోణం మిగిలే చోటు ఒకటి ఉంటుంది. అక్కడ ఆపండి, అప్పుడు తీయండి. చేతిలో సెల్‌ఫోన్ ఉన్నా సరే. ఆ ఫోటో, నడినెత్తిన ఎండలో రెండు లక్షల కెమెరాతో తీసినదానికంటే బాగుంటుంది. అబద్ధమైతే తీసి చూడండి.

గుడి దాకా పోనక్కర లేదు. ప్రతి ఊళ్ళో పెంకుటిల్లు, దానికి తలుపు, ముందర వాకిలి ఉంటాయి. వాకిట్లో ఎండ పడుతున్నప్పుడు గడప లోపల ఒక అడుగు దూరంలో పీట వేసి మనిషిని కూర్చోబెడితే, నేల మీది ఎండ పైకి తిరగబడి ముఖం మీద పడుతుంది. మా బాపు పెళ్ళికూతుళ్ళ ఫోటోలు ఎక్కువగా అట్లనే తీసేవాడు. ఒక అడుగు ముందుకు జరిపితే కళ్ళలో మెరుపు పెరుగుతుంది, రెండడుగులు వెనక్కి జరిపితే వెనక గోడ చీకట్లో కలిసిపోతుంది. అడుగు అడుగుకూ ఒక ఫోటో తీసి తేడా రాసుకోండి.

మహబూబ్‌నగర్ వాళ్ళకు పిల్లలమర్రి ఉంది. ఏడొందల ఏళ్ళదని చెప్పుకునే మర్రి. 2018లో చెదలు పట్టినప్పుడు సెలైన్ సీసాలతో మందు ఎక్కించి కాపాడుకున్న చెట్టు. ప్రీ వెడ్డింగ్ అంటే అక్కడికి పోదామంటారు. చెట్టుకింద నీడ ఉంటుందని పోతారు, ఆకుల సందుల్లోంచి ఎండ మచ్చలు ముఖాల మీద పడి ఫోటోలు పాడవుతాయి. ఒక చెంప మీద తెల్ల మచ్చ, నుదుటి మీద ఇంకొకటి. ఎంత ఖరీదైన సెన్సర్ అయినా ఆ మచ్చను ముఖంతో కలపలేదు. చెట్టు ఎక్కడ దట్టంగా ఉందో చూసి ఆ కిందికి జరపడమో, పొద్దు వాలేదాకా ఆగడమో, ఒక మనిషిని తెల్ల గుడ్డ పట్టుకుని పైన అడ్డం నిలబెట్టడమో చెయ్యాలి.

స్టేషనరీ షాపులో దొరికే పెద్ద థర్మాకోల్ షీట్ నా బండిలో ఎప్పుడూ ఉంటుంది. ఫ్లాష్‌ను నేరుగా ముఖం మీద కొట్టకుండా దాని మీదికి తిప్పి కొడితే వెలుతురు మెత్తబడి వస్తుంది. ఫంక్షన్ హాల్‌లో తెల్ల సీలింగ్ ఉంటే దానిమీదికే తిప్పొచ్చు. షామియానాలో మాత్రం ఆ పని చెయ్యకండి. ఎర్రగుడ్డకు తగిలి వచ్చిన వెలుతురు ఎర్రగానే వస్తుంది, పెళ్ళికొడుకుకు జ్వరం వచ్చినట్టు ఉంటాడు. అక్కడ థర్మాకోలే దిక్కు. ఫ్లాష్‌ను విడిగా స్టాండ్ మీద పెట్టేవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోండి: రెండు మీటర్ల దూరంలో ఉన్నదాన్ని ఒక మీటరుకు జరిపితే వెలుతురు రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది.

పుస్తె కట్టే నిమిషం

ముహూర్తం ఫోటో పోయిందంటే దానికి మళ్ళీ టేక్ లేదు. కొత్త కెమెరాలు సెకనుకు పది, ఇరవై ఫోటోలు కొడతాయి, కన్ను కనిపెట్టి ఫోకస్ చేస్తాయి. అయినా ఈ ఫోటో చాలామందికి పోతుంది. ఎందుకో దగ్గరగా చూద్దాం.

అయ్యగారు మంగళసూత్రం అందరికీ చూపించి తెచ్చేసరికే చుట్టాలు లేచి మండపం దగ్గరికి వస్తారు. పెళ్ళికొడుకు లేచి నిలబడి ముందుకు వంగుతాడు. పెళ్ళికూతురు తల దించుకుంటుంది. ఆడపడుచు వెనక నుంచి జడ ఎత్తి పట్టుకుంటుంది. గట్టిమేళం అనగానే నాలుగు దిక్కుల నుంచి అక్షింతలు పడతాయి. ఇప్పుడు ఫ్రేమ్‌లో రెండు ముఖాలూ కిందికి ఉన్నాయి, కన్ను ఎక్కడా లేదు. కెమెరా కన్ను కోసం వెతికి వెనక నిలబడ్డ మేనమామ ముఖాన్ని పట్టుకుంటుంది. లేదంటే గాలిలో ఉన్న బియ్యపు గింజను పట్టుకుంటుంది. ఇరవై ఫోటోలు వస్తాయి, ఇరవైలోనూ మేనమామే ఉంటాడు.

అందుకని కన్ను ఫోకస్ తీసేసి, ఒకే ఫోకస్ పాయింట్ పెట్టుకుని, దాన్ని పెళ్ళికొడుకు వేళ్ళ మీద ఉంచండి. జడ ఎత్తే ఆడపడుచును ముందే పలకరించండి. "అక్కా, మీరు జడ ఎత్తినప్పుడు మోచెయ్యి కొంచెం కిందికి పెట్టండి, ముళ్ళు కనపడతయ్" అని చెప్తే సంతోషంగా వింటారు. అయ్యగారి పక్కన, మండపం మీదే మీ చోటు ముందుగా ఖాయం చేసుకోండి. ఆయన్ను గౌరవంగా అడిగితే ఆయనే చుట్టాలను కొంచెం జరగమంటారు. ఎక్స్‌పోజర్ జీలకర్ర బెల్లం అప్పుడే చూసి లాక్ చేసుకోండి. మొదటి ముడి దగ్గర చేతులు తీయండి, రెండో ముడి దగ్గర కొంచెం వెడల్పుగా, మూడో ముడి కాగానే కెమెరా పైకెత్తి అమ్మాయి తల్లి ముఖం చూడండి. ఆల్బంలో ఆ ఇంటివాళ్ళు ఎక్కువసేపు ఆగే పేజీ ఆ తల్లిదే.

ఇదంతా పెళ్ళిళ్ళు చూసి నేర్చుకునేదే. మా బాపు దగ్గర యాషికా మ్యాట్ 124 జీ ఉండేది. ఫోటో తీసే లెన్స్ ఒక్కటే, 80 ఎంఎం, జూమ్ లేదు. పై నుంచి వంగి చూడాలి, అందులో కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి. రోల్‌కు 12 ఫోటోలు. రోల్ మార్చేలోపు ఏదైనా జరిగిపోవచ్చు కాబట్టి, పుస్తెకు ముందు ఎన్ని మిగిలాయో లెక్క చూసుకుని నిలబడేవాడు. పెళ్ళి తంతు అయ్యగారికి ఎంత తెలుసో ఆయనకూ అంతే తెలుసు.

ఆ అలవాటు మీకూ రావాలంటే ఒక సాధన ఉంది. మీ ఊరి వారం అంగడికి పొద్దున్నే వెళ్ళండి. కిట్ లెన్స్‌ను 35 దగ్గర పెట్టి జూమ్ రింగ్ మీద టేప్ అంటించండి. స్క్రీన్ మీద కాగితం అతికించండి. పన్నెండే ఫోటోలు, ఇంటికొచ్చేదాకా చూడకూడదు. మిరపకాయల కుప్ప దగ్గర బేరం జరుగుతుంటే ముందు నిలబడి వినండి, ఎవరి చెయ్యి ఎప్పుడు లేస్తుందో తెలుస్తుంది. క్రాప్ బాడీ మీద 35 అంటే పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్ బాడీ మీద 50 ఎంత చూపిస్తుందో ఇంచుమించు అంతే చూపిస్తుంది. 1948లో గాంధీజీ అంత్యక్రియల ఫోటోలు తీసిన ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్ బ్రెస్సాన్ ఎక్కువగా వాడింది ఆ 50నే. అంతకంటే వెనక్కి పోతే మన పాలమూరుకు మహబూబ్‌నగర్ అనే పేరు ఏ నిజాం వల్ల వచ్చిందో, ఆ మహబూబ్ అలీఖాన్ దర్బారులో ఫోటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ ఉన్నారు. గాజు పలకలు, స్టాండ్ మీద పెద్ద పెట్టె కెమెరా. ఆయన తీసిన దర్బారు ఫోటోల్లో ప్రతి ముఖం మీదా వెలుతురు ఎలా కూర్చుందో ఒకసారి నెట్‌లో వెతికి పెద్దగా చేసుకుని చూడండి.

బతుకమ్మ అప్పుడు

ఇది ఏటా వస్తుంది, తప్పకుండా సాధన చెయ్యండి. వరంగల్ భరత్ భూషణ్ గారి బతుకమ్మ ఫోటోలు చూడని పిల్లలు ఉంటే ముందు అవి చూడండి. 2022లో ఆయన పోయారు, ఫోటోలు మనకు మిగిల్చారు.

పొద్దు గుంకిన తర్వాత ఆకాశంలో నీలం ఇంకా మిగిలి ఉండే పావుగంట, ఇరవై నిమిషాలే అసలు సమయం. అప్పుడు తంగేడు పసుపు, గునుగు తెలుపు, చీరల రంగులు, చెరువులో ఆకాశం అన్నీ ఒకేసారి కెమెరాకు అందుతాయి. పూర్తిగా చీకటి పడి ఫోకస్ లైట్లు వేశాక ఆకాశం నల్లగా పోతుంది, పైనుంచి పడే వెలుతురుకు కళ్ళకింద గుంటలు వస్తాయి. కాబట్టి ముందే వెళ్ళండి. చప్పట్లు కొడుతూ వంగినప్పుడు చేతులు బతుకమ్మ వైపు వస్తాయి, లేచినప్పుడు దూరం పోతాయి. రెండు చుట్లు ఊరికే చూసి ఆ లయ పట్టుకున్నాకనే షట్టర్ నొక్కండి. కిందికి కూర్చుని తీయండి. ముందు అక్కలను, పెద్దమ్మలను అడిగి తీయండి, వద్దన్నవాళ్ళ ముఖం తీయొద్దు. మరుసటి రోజు ఫోటోలు పంపిస్తే వచ్చే ఏడు వాళ్ళే పిలుస్తారు.

కెమెరా గెలిచే చోట్లు

"కెమెరాదేముంది, అంతా కంటిలోనే ఉంది" అనే మాట నేను ఒప్పుకోను. చెప్పడానికి బాగుంటుంది, అర్ధరాత్రి ముహూర్తానికి ఆ మాటతో పని జరగదు. ఉదయసముద్రం గట్టు మీద నిలబడి నడి చెరువులో ఉన్న కొంగను 55 ఎంఎం లెన్స్‌తో తీస్తే తెల్ల చుక్క వస్తుంది. ఎంత నేర్పు ఉన్నా చుక్క చుక్కే. దానికి పెద్ద లెన్స్ కావాల్సిందే. సెల్‌ఫోన్ పోర్ట్రైట్ మోడ్ వెనక బ్లర్ చేసేటప్పుడు జడలోని మల్లెపూల అంచులు కోసేస్తుంది, నిజమైన లెన్స్ కొయ్యదు. పెళ్ళికి రెండు కార్డులు పట్టే బాడీ ఉంటే, ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది. ఇవన్నీ నిజమే.

అయితే డబ్బు ఎక్కడ పెడితే ఎంత వస్తుందో లెక్క వేసి చూడండి. కిట్ లెన్స్ 50 ఎంఎం దగ్గర ఇచ్చే అపెర్చర్ దాదాపు ఎఫ్ 5.6 (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది). అదే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ పెడితే సుమారు పది రెట్ల వెలుతురు లోపలికి వస్తుంది, అంటే మూడు స్టాప్‌ల పైన. కిట్ లెన్స్‌తో ఐఎస్ఓ 6400 కావాల్సిన చోట దీంతో 800 లోపే సరిపోతుంది. ఆ లెన్స్ కొత్తదైనా కొత్త బాడీ ధరలో చిన్న ముక్కే. ఇప్పుడు బాడీ సంగతి. క్రాప్ సెన్సర్ నుంచి ఫుల్ ఫ్రేమ్‌కు, అంటే 36 మిల్లీమీటర్లు ఇంటు 24 సెన్సర్‌కు మారితే, సెన్సర్ వైశాల్యం రెండుంబావు నుంచి రెండున్నర రెట్లు పెరుగుతుంది. గ్రెయిన్స్‌లో దక్కే లాభం ఒకటింబావు స్టాప్ చుట్టూ ఉంటుంది. దానికి మాత్రం లెన్స్ ధరకు ఎన్నో రెట్లు పెట్టాలి. క్రాప్ బాడీ కోసమే చేసిన పాత లెన్స్‌లు కూడా సరిగ్గా పనికిరావు, అవీ మార్చాలి. మీ గ్రెయిన్స్ ఫోల్డర్ ముందు ఏం అడుగుతోందో ఇప్పుడు మీకే తెలుస్తుంది.

ఎఫ్ 1.8లో ఒక జాగ్రత్త ఉంది. దగ్గరగా తీస్తే ఒక కన్ను ఫోకస్‌లో ఉండి ఇంకో కన్ను పోతుంది. ఇద్దరు మనుషులుంటే ఎఫ్ 2.8కి, పదిమంది గ్రూప్ అయితే 5.6కి వెళ్ళండి.

మెగాపిక్సెల్స్ గురించి ఎవరు అడిగినా ఒకటే చెప్తాను. ఆల్బంలో 12 ఇంటు 18 అంగుళాల ఫోటో, అంగుళానికి 300 చుక్కల లెక్కన, 3600 ఇంటు 5400 పిక్సెల్స్. రెండు కోట్లు కూడా కాదు. మీ దగ్గరున్న పాత 24 మెగాపిక్సెల్ కెమెరా 6000 ఇంటు 4000 ఇస్తోంది. అంతకు మించి ఎందుకు?

కొనే వరుస నా లెక్కలో ఇలా ఉంటుంది. ముందు రెండో బ్యాటరీ, మంచి కార్డులు రెండు, ఫోటోలు దాచడానికి రెండు హార్డ్ డిస్కులు. రెండింట్లోనూ కాపీ పడిందని కళ్ళతో చూసుకునేదాకా కార్డ్ ఫార్మాట్ చెయ్యొద్దు. తర్వాత 50 ఎంఎం. తర్వాత తల తిరిగే ఫ్లాష్, దాన్ని దూరం నుంచి వెలిగించే ట్రిగ్గర్, స్టాండ్. ఇవన్నీ కలిపినా రెండు లక్షల్లో చిన్న ముక్కే అవుతుంది. వీటితో ఒక సీజన్ చేశాక కూడా గ్రెయిన్స్ ఫోల్డర్ నిండుతుంటే, అప్పుడు బాడీ గురించి ఆలోచించండి. అప్పుడు కూడా ముందు హైదరాబాద్‌లో ఒకరోజు అద్దెకు తెచ్చి, మన దగ్గరి చీకటి ముహూర్తంలోనే తీసి చూడండి. షోరూం లైట్ల కింద ఏ కెమెరా అయినా బాగానే ఉంటుంది.

సెకండ్ హ్యాండ్ తీసుకునేవాళ్ళకు

కోఠిలో తీసుకున్నా, తెలిసినవాళ్ళ దగ్గర తీసుకున్నా పగటిపూటే చూడండి. మీ కార్డ్, మీ ఫ్లాష్, ఒక ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్ళండి. షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడగండి, చాలా మోడళ్ళకు ల్యాప్‌టాప్‌లో చూసుకోవచ్చు. చిన్న బాడీల షట్టర్‌ను మామూలుగా లక్ష క్లిక్కుల అంచనాతో చేస్తారు. పెళ్ళిళ్ళు చేసిన బాడీ అయితే ఆ లక్ష త్వరగానే దాటిపోతుంది. అపెర్చర్ ఎఫ్ 16 పెట్టి ఖాళీ ఆకాశాన్ని తీసి స్క్రీన్ మీద పెద్దగా చేస్తే సెన్సర్ మీది దుమ్ము నల్ల మచ్చలుగా కనపడుతుంది. దుమ్ము పోతుంది, గీత పోదు. మచ్చ తుడిచాక కూడా అక్కడే ఉంటే తీసుకోవద్దు. లెన్స్ మూత పెట్టి రెండు మూడు సెకన్లు షట్టర్ తెరిచి తీయండి, నల్ల ఫోటోలో ఎర్ర, తెల్ల చుక్కలు గుంపుగా ఉన్నాయేమో చూడండి. ఫ్లాష్ తగిలించి నాలుగైదుసార్లు కొట్టండి, షామియానాల్లో దుమ్ము తిన్న హాట్ షూలు (ఫ్లాష్ తగిలించే చోట్లు) ఒక్కోసారి పట్టవు. కార్డు పెట్టే చోట సూదులు ఉండే మోడల్ అయితే ఏదీ వంగలేదని టార్చితో చూడండి. బిల్లు మీది నంబర్, బాడీ కింద నంబర్ ఒకటేనో కాదో కలిపి చూడండి.

లెన్స్‌ను బాడీ నుంచి తీసి, వెనక నుంచి సెల్‌ఫోన్ టార్చ్ వేసి, ముందు నుంచి పక్కకు వంచి చూడండి. చిన్న దుమ్ము రేణువులు ఉంటే పర్వాలేదు. సాలెగూడు పోగుల్లాంటి సన్నని తెల్ల దారాలు అంచుల నుంచి లోపలికి పాకి ఉంటే అది ఫంగస్. వానాకాలంలో బ్యాగులోనే పెట్టి ఉంచిన లెన్స్‌లకు వస్తుంది. క్లీన్ చేయించినా అద్దం మీది కోటింగ్ తినేసి ఉండొచ్చు. ధర ఎంత తగ్గిస్తానన్నా వద్దని చెప్పి వచ్చేయండి.